తెరకు జ్ఞాపకం వస్తే

2024 మే 20న అమెరికాలోని రెడ్మండ్‌లో మైక్రోసాఫ్ట్ సంస్థ ‘కోపైలట్ ప్లస్ పీసీ’ అనే కొత్త తరగతి కంప్యూటర్లను పరిచయం చేసింది. ఆనాటి ప్రకటనల్లో అన్నిటికన్నా ఎక్కువ అలజడి రేపినది ‘రీకాల్’ అనే సదుపాయం. తెర మీద కనిపించేదాన్ని కొన్ని సెకన్లకొకసారి బొమ్మగా పట్టి దాచుకోవడం, యజమాని అడిగినప్పుడు వెదికి చూపించడం దాని పని. రెండు వారాల క్రితం ఏదో దుకాణం పేజీలో చూసిన ఆకుపచ్చ అంచు చీర, ఎవరో పంపిన పట్టికలోని ఒక అంకె, చదువుతూ మధ్యలో మూసేసిన వ్యాసం – పేరు గుర్తులేకపోయినా ఆనవాలు చెబితే చాలు, ఆ క్షణంలో తెర ఎలా ఉందో అలాగే మళ్ళీ కళ్ళముందుకు తెస్తుంది. హైదరాబాదులో పుట్టి పెరిగి ఆ సంస్థకు అధిపతి అయిన సత్య నాదెళ్ల దీన్ని ‘ఫొటోగ్రాఫిక్ మెమరీ’గా అభివర్ణించారు.

ప్రకటన వెలువడిన రెండు రోజులకే బ్రిటన్‌లో సమాచార గోప్యతను పర్యవేక్షించే ఇన్ఫర్మేషన్ కమిషనర్ కార్యాలయం ఈ సదుపాయంలో ఏ రక్షణలున్నాయో తెలుసుకోవడానికి సంస్థతో మాట్లాడుతున్నామని తెలిపింది. జూన్ 18న ప్రజలకు చేరవలసిన రీకాల్ వాయిదా పడింది. లోపలి నిర్మాణం చాలావరకు మారి, చివరకు 2025 ఏప్రిల్ 25న అందుబాటులోకి వచ్చింది. ఈ పదకొండు నెలల్లో సాగిన చర్చలో రెండు ప్రశ్నలు కలగలిసిపోయాయి. దాచినదానికి వేసిన తాళం గట్టిదేనా అన్నది మొదటిది. ఆ తెర మీద కనబడే మనుషులందరి తరఫునా ఒక్కరు ‘సరే’ అంటే సరిపోతుందా అన్నది రెండవది. మొదటి ప్రశ్నకు భద్రతా నిపుణుల విమర్శ వల్ల చాలామటుకు సమాధానం దొరికింది. రెండవ ప్రశ్న మాత్రం ఇంకా అక్కడే ఉంది.

పాత కల

మరచిపోని యంత్రం అన్న ఊహ కొత్తది కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా శాస్త్ర పరిశోధనలకు సారథ్యం వహించిన వానెవర్ బుష్, 1945 జూలైలో ‘ది అట్లాంటిక్’ పత్రికలో ‘యాజ్ వి మే థింక్’ అనే వ్యాసం రాశాడు. మనిషి చదివిన పుస్తకాలు, ఉత్తరాలు, చిత్తు కాగితాలు అన్నీ మైక్రోఫిల్ముగా మారి ఒక రాతబల్లలో ఇమిడిపోతాయనీ, ఒక విషయం నుండి మరొక విషయానికి దారులు వేసుకుంటూ వాటిని తిరిగి చూడవచ్చుననీ అతను ఊహించాడు. ఆ బల్లకు ‘మెమెక్స్’ అని పేరు పెట్టాడు.

ఆ ఊహను తన జీవితం మీదే ప్రయోగించి చూసినవాడు గోర్డన్ బెల్. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో ప్రసిద్ధ కంప్యూటర్లకు రూపకల్పన చేసి, తరువాత మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగంలో చేరిన బెల్, ‘మైలైఫ్‌బిట్స్’ అనే పథకంలో తన ఉత్తరాలను, ఫొటోలను, చూసిన వెబ్ పేజీలను, టెలిఫోను సంభాషణలను కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. తనంతట తానే ఫొటోలు తీసే ‘సెన్స్‌కామ్’ అనే చిన్న కెమెరాను మెడలో వేసుకొని తిరిగాడు. సహచరుడు జిమ్ గెమెల్‌తో కలిసి 2009లో రాసిన పుస్తకానికి ‘టోటల్ రీకాల్’ అని పేరు పెట్టాడు. ఆయన 2024 మే 17న మరణించాడు. ఆ తరువాత మూడవ రోజునే ఆయన పనిచేసిన సంస్థ నుంచి రీకాల్ ప్రకటన వెలువడింది.

ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా గమనించదగ్గది. బెల్ మెడలోని కెమెరా ఎదుటివారికి కనబడేది. ఇష్టం లేనివారు పక్కకు తప్పుకోవచ్చు, తీసేయమని అడగవచ్చు. పైగా అది ఒక పరిశోధకుడు తెలిసి చేసిన ప్రయోగం. రీకాల్ మొదటి రూపంలో, కొత్త కంప్యూటర్ కొన్న మనిషి ప్రత్యేకంగా వద్దని ఆపితే తప్ప అది తనంతట తాను పని మొదలుపెట్టేలా ఉండేది. ఇక ఆ కంప్యూటర్‌కు అవతల ఉన్నవారికి అది పనిచేస్తున్న సంగతి తెలిసే మార్గమే లేదు.

తెర నుండి భాండాగారానికి

రీకాల్ పనితీరు సూత్రప్రాయంగా సరళమైనది. మొదట వెలువడిన వివరాల ప్రకారం అయిదు సెకన్లకొకసారి అది తెరను పరిశీలిస్తుంది. ముందటి బొమ్మకూ ఇప్పటి తెరకూ తేడా ఉంటే కొత్త బొమ్మ తీస్తుంది. దీన్ని స్నాప్‌షాట్ అంటారు. ఆ బొమ్మలోని అక్షరాలను గుర్తించి పాఠంగా మారుస్తుంది. బొమ్మలోని వస్తువుల్ని, రంగుల్ని, సందర్భాన్ని అంకెల వరసలుగా మార్చి ఒక సూచిక తయారుచేస్తుంది. ‘ఆకుపచ్చ అంచు చీర’ అని వెదికినప్పుడు, ఆ మాటలు తెర మీద ఎక్కడా లేకపోయినా బొమ్మ దొరకడానికి కారణం ఈ సూచికే.

ఇంత పని నిరంతరం జరగాలంటే మామూలు ప్రాసెసర్ మీద భారం పడుతుంది. అందుకే సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు చేయగల ప్రత్యేకమైన ఎన్‌పీయూ చిప్ ఉన్న కంప్యూటర్లలో మాత్రమే రీకాల్ నడుస్తుంది. పాత యంత్రాలకు ఈ బాధ లేదు. 256 గిగాబైట్ల నిల్వ ఉన్న యంత్రంలో రీకాల్‌కు మొదట కేటాయించినది 25 గిగాబైట్లు. అందులో సుమారు మూడు నెలల జ్ఞాపకం పడుతుందని సంస్థ అంచనా.

ఇదంతా కంప్యూటర్‌లోనే జరుగుతుందనీ, బొమ్మలు తమ సర్వర్లకు చేరవనీ, కృత్రిమ మేధకు శిక్షణనివ్వడానికి వాడబోమనీ మైక్రోసాఫ్ట్ మొదటి నుంచీ చెబుతూ వచ్చింది. సమాచారమంతా ఎక్కడో దూరాన ఉన్న సర్వర్లలో పోగుపడుతున్న ఈ కాలంలో ఇది తక్కువ మాట కాదు. అయితే ఇంట్లో ఉన్నంత మాత్రాన భద్రంగా ఉన్నట్టా అన్నదే తరువాతి రెండు వారాల్లో తేలిన విషయం.

మొదటి రూపంలోని లోపం

గతంలో మైక్రోసాఫ్ట్‌లోనే పనిచేసిన భద్రతా పరిశోధకుడు కెవిన్ బ్యూమాంట్, విడుదలకు ముందే రీకాల్‌ను పరీక్షించి, అది గుర్తించిన పాఠమంతా ఒక మామూలు ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో, ఎవరైనా చదవగలిగే రూపంలో, వాడుకరి ఫోల్డరులోనే ఉందని చూపించాడు. అలెగ్జాండర్ హాగెనా అనే మరొక నిపుణుడు ఆ డేటాబేస్‌ను, బొమ్మలను ఒకచోట చేర్చి కావలసినవి ఏరి ఇచ్చే చిన్న ప్రోగ్రాము రాసి విడుదల చేశాడు. యాదృచ్ఛికమో కాదో, దానికీ ‘టోటల్ రీకాల్’ అనే పేరు పెట్టాడు.

డిస్క్ మొత్తం సంకేత లిపిలో ఉంటుంది కదా అన్న సమాధానం ఇక్కడ పనిచేయదు. డిస్క్‌కు వేసే సంకేత రక్షణ వీధి తలుపు తాళం లాంటిది. ఇల్లు మూసి ఉన్నప్పుడు, అంటే కంప్యూటర్ ఆపి ఉన్నప్పుడు ఎవరైనా దాన్ని ఎత్తుకుపోతే అది కాపాడుతుంది. యజమాని పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వచ్చాక ఆ తలుపు తెరిచే ఉంటుంది. అప్పుడు లోపల తిరిగే ప్రతి ప్రోగ్రాముకూ, యజమానికి తెలియకుండా చొరబడినవాటితో సహా, అన్ని గదులూ అందుబాటులో ఉంటాయి. ఈ కాలపు నేరగాళ్ళు ఎక్కువగా వాడేవి సరిగ్గా ఈ పని చేసే ప్రోగ్రాములే. ‘ఇన్ఫోస్టీలర్’ అనే ఈ జాతి దొంగ ప్రోగ్రాములు కంప్యూటర్‌లోకి దూరి, బ్రౌజరులో దాచుకున్న పాస్‌వర్డులు, కుకీలు ఊడ్చుకొని క్షణాల్లో బయటపడతాయి. ఇంతవరకూ వాటికి దొరికేది ఆ రోజున దాచి ఉన్న సమాచారం మాత్రమే. రీకాల్ ఉంటే దొరికేది మూడు నెలల జీవితం: తెరిచి మూసేసిన ఉత్తరాలు, చదివి చెరిపేసిన సందేశాలు, ఒక్కసారి చూసి వదిలేసిన బ్యాంకు ఖాతా.

సంస్థ తన పత్రాల్లోనే ఒక విషయం దాచకుండా చెప్పింది. రీకాల్ తెర మీది విషయాన్ని వడకట్టదు. పాస్‌వర్డులు, ఖాతా నంబర్లు కనబడితే వాటినీ పట్టి దాస్తుంది. అదే పత్రంలో రెండు మినహాయింపులు ఉన్నాయి. బ్రౌజరులో ప్రైవేటుగా తెరిచిన కిటికీలను, కాపీ చేయకుండా డిజిటల్ హక్కుల రక్షణ ఉన్న దృశ్యాలను అది పట్టదు. అంటే ఒకే తెర మీద ఒక పక్కన సినిమా, మరొక పక్కన ఇంటివారి బ్యాంకు పుస్తకం బొమ్మ ఉంటే, సినిమా దగ్గర రీకాల్ కళ్ళు మూసుకుంటుంది. ఏ దృశ్యాన్ని పట్టకూడదో ముందుగా తెలుసుకొని తప్పుకునే శక్తి ఈ యంత్రానికి మొదటి నుంచీ ఉంది. ఆ శక్తి ఎవరి కోసం వాడారన్నదే ప్రశ్న.

సవరణలు

విమర్శలకు స్పందన త్వరగానే వచ్చింది. జూన్ 7న విండోస్ విభాగాధిపతి పవన్ దావులూరి పేరిట వెలువడిన ప్రకటనలో మూడు మార్పులు ఉన్నాయి. రీకాల్ తనంతట తాను మొదలుకాదు, వాడుకరి కోరితేనే మొదలవుతుంది. ముఖం లేదా వేలిముద్ర గుర్తుపట్టే విండోస్ హలో నమోదు తప్పనిసరి. దాచినది సంకేత లిపిలోనే ఉండి, యజమాని ఎదుట ఉన్నప్పుడే విడుతుంది. ఆపై జూన్ 13న విడుదలనే వాయిదా వేశారు. సంస్థ అధ్యక్షుడు బ్రాడ్ స్మిత్ సరిగ్గా ఆ రోజునే, గత ఏడాది జరిగిన ఈమెయిల్ చొరబాటు విషయంలో అమెరికా ప్రతినిధుల సభ సంఘం ముందు సమాధానం చెప్పుకోవలసివచ్చింది. భద్రతే తొలి ప్రాధాన్యం అని నాదెళ్ల ఉద్యోగులందరికీ లేఖ రాసి అప్పటికి నెలన్నర కూడా కాలేదు.

సెప్టెంబరు 27న ప్రకటించిన కొత్త నిర్మాణం నిజంగానే వేరు. స్నాప్‌షాట్లు, సూచిక రెండూ సంకేత లిపిలో ఉంటాయి. వాటి తాళంచెవులు కంప్యూటర్‌లోని టీపీఎం అనే భద్రతా చిప్‌తో ముడిపడి ఉంటాయి. ఆ తాళాలు విప్పే పని మామూలు ప్రోగ్రాములకు, చివరకు యంత్రంపై సర్వాధికారాలు ఉన్న అడ్మినిస్ట్రేటరుకు కూడా చొరరాని ఒక వేరు ప్రదేశంలో జరుగుతుంది. ముందటి పోలికను కొనసాగిస్తే, తెరిచి ఉన్న ఇంట్లో ఇప్పుడొక ఇనప్పెట్టె వచ్చింది. యజమాని ముఖం చూస్తేనే అది తెరుచుకుంటుంది, కాసేపటికి తనే మూసుకుంటుంది. రీకాల్‌ను పూర్తిగా తొలగించుకునే వీలు కూడా కల్పించారు. ఉద్యోగ సంస్థలు ఇచ్చే కంప్యూటర్లలో అది ముందుగా ఉండదు. నిర్వాహకులు అనుమతించినా, బొమ్మలు తీయడం మొదలుపెట్టే నిర్ణయం ఉద్యోగిదే.

ఈ మార్పులు చిన్నవి కావు. పరిశోధకుల విమర్శ ఒక పెద్ద సంస్థ చేత ఇంత తక్కువ కాలంలో నిర్మాణాన్నే మార్పించిన సందర్భాలు అరుదు. అయితే ఇవన్నీ యజమానిని దొంగల నుండి కాపాడే ఏర్పాట్లు. ఇనప్పెట్టె ఎంత గట్టిదైనా, అందులోకి ఎవరి సొత్తు చేరుతోందన్న విషయంతో దానికి పని లేదు.

జల్లెడకు చిక్కనివి

కొత్త రూపంలో ఒక జల్లెడ కూడా ఉంది. పాస్‌వర్డులు, క్రెడిట్ కార్డు నంబర్లు, జాతీయ గుర్తింపు సంఖ్యలు తెర మీద ఉన్నట్టు తోస్తే ఆ బొమ్మను దాచకుండా వదిలేయడం దాని పని. 2024 డిసెంబరులో టామ్స్ హార్డ్‌వేర్ పత్రిక ఈ జల్లెడను పరీక్షించింది. రెండు ఆన్‌లైన్ దుకాణాల చెల్లింపు పేజీల దగ్గర అది సరిగానే ఆగింది. కానీ నోట్‌ప్యాడ్‌లో రాసుకున్న కార్డు నంబరును, పీడీఎఫ్ రుణ దరఖాస్తులో నింపిన సోషల్ సెక్యూరిటీ నంబరును పట్టి దాచింది. తరువాత జల్లెడను మెరుగుపరుస్తామని సంస్థ చెప్పింది, మెరుగుపడుతుంది కూడా.

కాని సమస్య జల్లెడ కన్నాల్లో లేదు. పదహారు అంకెలు వరసగా ఉంటే అది కార్డు నంబరని యంత్రానికి నేర్పవచ్చు. ‘నాన్నగారి బయాప్సీ రిపోర్టు వచ్చింది, అమ్మకి ఇంకా చెప్పలేదు’ అన్న వాక్యంలో అంకెలేవీ లేవు. అన్నదమ్ముల మధ్య పొలం పంపకాల గురించి నడిచిన సందేశాల్లో, ఉద్యోగం మానేద్దామా అని స్నేహితురాలిని అడిగిన రాత్రి సంభాషణలో, వీడియో కాల్‌లో కన్నీళ్ళు తుడుచుకుంటున్న ముఖంలో జల్లెడ పట్టగలిగిన గుర్తేదీ లేదు. ఒక విషయం రహస్యమా కాదా అన్నది ఆ విషయంలో కన్నా, ఎవరు ఎవరికి ఏ నమ్మకంతో చెప్పారన్నదానిలో ఉంటుంది. యంత్రానికి తెర కనబడుతుంది గాని ఆ నమ్మకం కనబడదు.

తెలుగులో రాసుకుంటే తప్పించుకోవచ్చునన్న ఆలోచన కొందరికి రావచ్చు. రీకాల్ బాగా పనిచేస్తుందని సంస్థ పేర్కొన్న భాషలు ఇంగ్లీషు, చైనీస్, ఫ్రెంచి, జర్మన్, జపనీస్, స్పానిష్. వాటిలో తెలుగు లేదు. ఇది వెదకడానికి సంబంధించిన పరిమితే తప్ప దాచడానికి కాదు. తెలుగు సందేశమున్న తెర కూడా బొమ్మగా అక్కడే ఉంటుంది. ఈనాడు చదవలేని అక్షరాలను రేపటి యంత్రం చదవగలదు. ప్రవాసంలో సందేశాలు ఎక్కువగా ఇంగ్లీషు లిపిలో రాసిన తెలుగులోనే నడుస్తాయన్నది మరొక సంగతి.

అవతలి మనిషి

డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు, గుంటూరులో ఉన్న తల్లిదండ్రులు – ఇలాంటి కుటుంబాలు తెలుగునాట వీధికొకటి. పింఛను ఖాతా, వైద్య బీమా, ఇంటి పన్ను, ఆదాయపు పన్ను ఇవన్నీ కొడుకు తన కంప్యూటర్ మీద చూస్తుంటాడు. ఆధార్ కార్డు ఫొటో, పాన్ కార్డు ఫొటో, పాస్‌బుక్ మొదటి పేజీ, స్కానింగ్ రిపోర్టు తల్లి ఫోన్ నుండి వస్తాయి. ఓటీపీ కూడా వస్తుంది. ‘చూసి తీసెయ్ నాన్నా’ అని ఆవిడ అంటుంది, కొడుకు తీసేస్తాడు. ఇద్దరి దృష్టిలోనూ అక్కడితో ఆ కథ ముగిసింది. కొడుకు కంప్యూటర్‌లో రీకాల్ పనిచేస్తూ ఉంటే అది ముగియలేదు. సందేశాన్ని చెరిపేశాడు గాని, అది తెర మీద ఉన్నంతసేపు తీసిన బొమ్మలు అలాగే ఉన్నాయి. రీకాల్‌కు సమ్మతించింది కొడుకు. బొమ్మల్లో ఉన్నది తల్లి.

ఈ అసమానత పాతదే. 1890లో శామ్యూల్ వారెన్, లూయిస్ బ్రాండైస్ ‘హార్వర్డ్ లా రివ్యూ’లో గోప్యతా హక్కు గురించి రాసిన సుప్రసిద్ధ వ్యాసానికి ఒక కారణం అప్పుడప్పుడే వ్యాపిస్తున్న తక్షణ ఛాయాచిత్రాలు. అంతకుముందు ఫొటో కావాలంటే మనిషి కదలకుండా కూర్చోవాలి; అంటే అతని అంగీకారం లేకుండా బొమ్మ రాదు. చేతి కెమెరా ఆ అవసరాన్ని తీసేసింది. కెమెరా పట్టుకున్నవాడి ఇష్టమే చాలు అన్న స్థితి వచ్చింది. రీకాల్‌తో కెమెరా పట్టుకున్నవాడు కూడా బొమ్మ తీస్తున్నాననే సంగతి మరచిపోయే స్థితి వస్తుంది.

దీన్ని సాంకేతికంగా ఎదుర్కొన్నవారిలో ముందున్నది సిగ్నల్ సంస్థ. సందేశాన్ని పంపినవారి యంత్రంలోనూ అందుకున్నవారి యంత్రంలోనూ తప్ప మరెక్కడా చదవలేని రీతిలో పంపడం, కోరిన గడువు తరువాత రెండువైపులా మాయం చేయడం సిగ్నల్ ఇచ్చే హామీ. తెరను బొమ్మ తీసే యంత్రం ముందు ఈ రెండూ నిలవవు. దారిలో ఎవరూ చదవలేని సందేశం కూడా మనిషి చదవాలంటే తెర మీద విప్పుకోక తప్పదు. 2025 మేలో సిగ్నల్ తన విండోస్ ప్రోగ్రాములో ఒక మార్పు చేసింది. తన కిటికీని హక్కుల రక్షణ ఉన్న దృశ్యంగా ప్రకటించింది. సినిమాల దగ్గర కళ్ళు మూసుకునే యంత్రం ఇప్పుడు సందేశాల దగ్గర కూడా మూసుకుంది. ఇందుకు సిగ్నల్ సంతోషించలేదు. ఫలానా కిటికీని పట్టవద్దని ఒక ప్రోగ్రాము మర్యాదగా చెప్పుకునే మార్గం ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉండవలసింది. లేదు కాబట్టి దొడ్డిదారి పట్టవలసి వచ్చిందని విమర్శించింది. ఈ దొడ్డిదారి వల్ల అంధులు వాడే తెర చదివే ప్రోగ్రాములకు ఇబ్బంది కలగవచ్చునని, కావాలంటే దాన్ని తీసేసుకునే ఏర్పాటూ ఉంచింది. అయితే అవతలివారు దాన్ని తీసేశారో లేదో ఇవతలివారికి తెలియదు. అదే ఏడాది జూలైలో బ్రేవ్ బ్రౌజరు తన కిటికీలన్నిటినీ ప్రైవేటు కిటికీలుగా చూపించి రీకాల్‌ను ఆపింది.

ఇంటి లోపలి మనుషుల మధ్య కూడా ఇదే చిక్కు ఉంది. విండోస్ హలో ముఖాన్ని, వేలిముద్రను అడుగుతుంది. అవి పనిచేయనప్పుడు పిన్ నంబరుతో తెరుచుకుంటుంది. చాలా ఇళ్ళలో కంప్యూటర్ పిన్ భార్యాభర్తలిద్దరికీ, తరచు పిల్లలకూ తెలుసు. అనుమానంతోనో అధికారంతోనో మరొకరిని కనిపెట్టి ఉండాలనుకునేవారికి ఇంతకాలం ఒక్కొక్క ఖాతా తెరిచి చూడవలసిన శ్రమ ఉండేది. సహాయ సంస్థ కోసం వెదికి, ఆ పేజీ జాడలు బ్రౌజరు చరిత్రలో చెరిపేసుకున్న స్త్రీకి ఆ చెరిపివేత కొంత రక్షణ. మూడు నెలల తెర ఒకచోట, వెదుకులాటకు వీలుగా, తేదీల వారీగా ఉంటే ఆ రక్షణ పోయినట్టే.

చట్టం నిలబడిన చోటు

భారత సర్వోన్నత న్యాయస్థానం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి తీర్పులో గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిది మంది న్యాయమూర్తుల ఏకాభిప్రాయంతో ప్రకటించింది. దాని వెనుక వచ్చిన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, ఒక వ్యక్తి తన సొంత లేదా ఇంటి అవసరాలకు వాడుకునే సమాచారానికి వర్తించదు. 2018 నుండి అమలులో ఉన్న యూరప్ సమాచార రక్షణ నిబంధనలలోనూ ఇలాంటి గృహ మినహాయింపే ఉంది. ఇంట్లో చిరునామాల పుస్తకం రాసుకునే మనిషిని చట్టం వెంటాడకూడదన్న సదుద్దేశం ఇందులో ఉంది. ఫలితంగా, పై ఉదాహరణలోని తల్లికి తన కొడుకు కంప్యూటర్‌లో ఉన్న బొమ్మల విషయంలో చట్టరీత్యా అడిగే హక్కు దాదాపు లేదు. సమాచారం తన దగ్గరకు రాదు కాబట్టి సంస్థనూ నేరుగా అడగడం కష్టం. బాధ్యత రెంటి మధ్యా జారిపోతుంది.

ఈ మినహాయింపుకు హద్దులున్నాయని యూరప్ న్యాయస్థానం 2014లో ఒక తీర్పులో చెప్పింది. చెక్ దేశంలో ఒక గృహస్థు తన ఇంటి రక్షణ కోసం పెట్టుకున్న కెమెరా వీధిని, ఎదుటి ఇంటి గుమ్మాన్ని కూడా చిత్రీకరించేది. కెమెరా ఇంటిదే అయినా చూపు ఇల్లు దాటింది కాబట్టి అది పూర్తిగా గృహ వ్యవహారం కాదని న్యాయస్థానం తేల్చింది. కంప్యూటర్ తెర చూపు ఎంతవరకు ఇంటిది అన్న ప్రశ్నకు ఈ తీర్పులోని తర్కం దారి చూపవచ్చు.

అమెరికాలో సమగ్రమైన జాతీయ గోప్యతా చట్టమే లేదు. అక్కడ నివసించే విదేశీయులు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన విషయం మరొకటి ఉంది. దేశ సరిహద్దు వద్ద, విమానాశ్రయంలో, అధికారులు వారంటు లేకుండా ప్రయాణికుల కంప్యూటర్లు, ఫోన్లు పరిశీలించవచ్చు. 2018 జనవరి నాటి నియమాల ప్రకారం వారు చూడవలసింది యంత్రంలో ఉన్న సమాచారమే. దూరాన సర్వర్లలో ఉన్నదాన్ని తెరవకూడదు. రీకాల్ గొప్పతనంగా చెప్పిన గుణం ఇక్కడ తలకిందులవుతుంది. జ్ఞాపకమంతా యంత్రంలోనే ఉంది, కాబట్టి అది పరిశీలన పరిధిలోనే ఉంది. తాళం తీయడానికి నిరాకరించినా పౌరులకు దేశప్రవేశం ఆపలేరు గాని, వీసా మీద ఉన్నవారికి ఆ ధీమా లేదు. సివిల్ దావాల సంగతీ ఇంతే. ఎలక్ట్రానిక్ రూపంలో దాచినది ఏదైనా ఎదుటి పక్షం కోరగల సాక్ష్యం. దావా వస్తుందని తెలిశాక దాన్ని చెరపడం తప్పవుతుంది. ఉన్నదాన్ని చెరపడం నేరం కావచ్చు గాని, ఎప్పుడూ దాచనిదాన్ని ఇమ్మని ఏ న్యాయస్థానమూ అడగదు.

మరపు అనే మర్యాద

తెలుగులో తెర అన్న మాటకు మొదటి అర్థం అడ్డు. పెళ్ళిలో వధూవరుల మధ్య పట్టేది తెర, రంగస్థలం మీద పడేదీ తెరే. తోలుబొమ్మలాటలో, తరువాత సినిమాలో అదే మాట చూపించేదానికి పేరయింది. కంప్యూటర్ తెర ఈ రెండు పనులూ చేస్తూ వచ్చింది. ఉన్నంతసేపు చూపించేది, మూస్తే దాచేది. కిటికీ మూసేశాక అక్కడ ఏముందో తెర ఎరగదన్న నమ్మకం మీదే ఎన్నో సంభాషణలు జరిగాయి.

ఆ నమ్మకాన్ని కాపాడుకోవడానికి ఈనాడు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. కొత్త కంప్యూటర్ సిద్ధం చేసుకునేటప్పుడు రీకాల్ కావాలా అన్న ప్రశ్న దగ్గర తొందరపడకపోవడం మొదటిది. ఇప్పటికే ఉన్న కంప్యూటర్‌లో సెట్టింగ్స్‌లోని ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’ విభాగంలో ‘రీకాల్ అండ్ స్నాప్‌షాట్స్’ అన్నచోట అది పనిచేస్తోందో లేదో తెలుస్తుంది. అక్కడే దాచినవి చెరపవచ్చు, ఫలానా ప్రోగ్రాములను, వెబ్ పేజీలను పట్టవద్దని చెప్పవచ్చు, ఎన్నాళ్ళు దాచాలో తగ్గించవచ్చు. పూర్తిగా తొలగించాలంటే విండోస్ సదుపాయాల జాబితాలో దాని ఎదురుగా ఉన్న గుర్తు తీసేయాలి. జ్ఞాపకశక్తి తగ్గుతున్నవారికి, ఏకాగ్రత నిలవనివారికి, రోజుకు వంద పేజీలు తిరగవేసే పరిశోధకులకు రీకాల్ నిజంగానే ఉపకరించవచ్చు. అటువంటివారు కుటుంబపు లావాదేవీలకు, ఇతరుల రహస్యాలు చూసే పనులకు వేరే బ్రౌజరో వేరే యంత్రమో వాడితే మంచిది. రోగుల వివరాలు చూసే వైద్యులు, కక్షిదారుల లెక్కలు చూసే ఆడిటర్లు ఈ జాగ్రత్తను వృత్తిధర్మంగానే భావించాలి.

వ్యక్తుల జాగ్రత్త కన్నా ముఖ్యమైనది నిర్మాణంలో ఉండవలసిన మర్యాద. సందేశం పంపినవారు ఒక రోజులో మాయం కావాలని కోరితే దాని బొమ్మ కూడా ఒక రోజులోనే మాయం కావాలి. వీడియో కాల్‌లో ఒకరి యంత్రం తెరను దాచుకుంటుంటే రెండవవారికి ఆ సంగతి తెలియాలి. కిటికీని పట్టవద్దని కోరే మార్గం సినిమా నిర్మాతలకు ఎంత సులువుగా దొరికిందో, గుంటూరులోని తల్లికి సందేశం చేరవేసే ప్రోగ్రాముకూ అంతే సులువుగా దొరకాలి. వీటిలో ఏదీ సాంకేతికంగా అసాధ్యం కాదు. పదకొండు నెలల్లో ఇనప్పెట్టె తయారుచేసినవారికి ఇవి చేయడం పెద్ద పని కాదు. ఆ పెట్టె కోసం అడిగినంత గట్టిగా వీటి కోసం ఎవరూ ఇంకా అడగలేదు.